కూలరు గది నుంచి కబురు

(సంఘాల కార్యదర్శులకు, యువ సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం తరగతిలో రేడియో పాఠమేమిటని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. కారణం చెబుతాం. ఈనాడు మన సభ్యుల ఇళ్లలో ఐ.టి.ఐ. చేసినవారున్నారు, పాలిటెక్నిక్ చదివేవారున్నారు, ఇంజనీరింగు చదువుతున్న ఆడపిల్లలున్నారు. వీరిలో సరదాకొద్దీ మైక్రోకంట్రోలరు బోర్డులతో పరికరాలు తయారుచేసేవారు చాలా ఊళ్లలో ఒకరిద్దరు కనిపిస్తున్నారు. మైక్రోకంట్రోలరు అంటే వేలిగోరంత చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో విద్యార్థుల కోసం ఆర్డుయినో అనే బోర్డు రూపొందింది. అప్పటినుంచి ఈ పని పెద్ద ప్రయోగశాలలు లేనివారికి కూడా చేతికందింది.

ఇట్టి పిల్లలు సంఘానికి వచ్చి, "కూలరు గదిలో పాల ఉష్ణోగ్రత ఎంతుందో కార్యదర్శి గారింట్లోనే కనిపించేలా చేస్తాం. తీగ అక్కరలేదు. ఖర్చు కొన్ని వందల రూపాయలే" అంటారు. ఆ మాట నిజమే. వారిని నిరుత్సాహపరచవద్దని మొదటే కోరుతున్నాం. అయితే ఇంట్లో బల్ల మీద పనిచేసిన పరికరం ఊళ్లో ఏడాది పొడుగునా పనిచేయాలంటే మధ్యలో చేయవలసిన పని చాలా వున్నది. ఆ పని ఏమిటో చెప్పడమే మా ఉద్దేశం.

మనకు ఇందులో ఏమి పోతుందో ముందు చూద్దాం. బల్క్ కూలరులో పాలను 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నిలపాలి. సాయంత్రం పాలు పోసి అందరూ ఇళ్లకు పోతారు. రాత్రి కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే, తెల్లవారి ట్యాంకరు వచ్చేసరికి పాలు పరీక్షకు నిలవవు. ఆ నష్టం ఒక్కరిది కాదు, ఊరందరి పూట పాలది. గంట ముందు తెలిస్తే జనరేటరు చూసుకోవచ్చు, మెకానిక్‌ను పిలవవచ్చు. కావున ఇక్కడ కావలసింది వింత పరికరం కాదు. రాత్రి రెండు గంటలకు కబురు తప్పకుండా రావాలి. రాకపోతే రాలేదన్న సంగతైనా తెలియాలి.

రేడియో కబురు గాలిలో పోతుంది. అది అప్పుడప్పుడు అందకపోవడం పరికరం లోపం కాదు, రేడియో స్వభావం. ఎంత డబ్బు పెట్టి కొన్నా నూటికి నూరు అందించే రేడియో లేదు. మరి నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? కబురు పంపే పద్ధతినుంచి వస్తుంది. ఆ పద్ధతి మన సంఘాలకు కొత్తది కాదు. పాల చీటీకి నెంబరు వేస్తాం, పట్టికకు అడుగున మొత్తం కడతాం, క్యానులు లారీ కెక్కించినప్పుడు రసీదు తీసుకుంటాం, రావలసిన లారీ రాకపోతే మనిషిని పంపుతాం. ఈ నాలుగు పనులూ రేడియోకు నేర్పితే చాలు.

పిల్లలు మొదట కొనే పరికరం సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ జోడీ. రెండు మూడు లీటర్ల పాల ధరకు దొరుకుతుంది. ఒకటి పంపుతుంది, ఒకటి వింటుంది. దీనితోనే ఎక్కువమంది విసిగిపోతారు. ఎందుకంటే ఈ చౌక రిసీవరుకు మౌనంగా వుండడం తెలియదు. సంకేతం లేనప్పుడు తన చెవిని ఇంకా పెద్దది చేసుకుని, గాలిలోని గోలనే ఒకట్లుగా, సున్నాలుగా బయటికి ఇస్తూ పోతుంది. ఆ గోల మధ్యలో అసలు కబురు హఠాత్తుగా మొదలైతే మొదటి అక్షరాలు పోతాయి. కావున సభకు ముందు మైకు సెట్టువాడు "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నట్టు, కబురుకు ముందు కొంతసేపు ఒకటి, సున్నా, ఒకటి, సున్నా అని పంపాలి. ఆ లోపల రిసీవరు చెవి సర్దుకుంటుంది. కబురు మధ్యలో సున్నాలు వరుసగా పడినా మళ్లీ చెవి పెద్దదవుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన మైక్ మెకాలే రాసిన వర్చువల్‌వైర్, దాని తర్వాత వచ్చిన రేడియోహెడ్ అనే ప్రోగ్రాములు ఈ రెండింటికీ విరుగుడు చూపాయి. ప్రతి నాలుగు బిట్లను ఆరు బిట్లుగా మార్చి, ఆ ఆరింటిలో మూడు ఒకట్లు, మూడు సున్నాలు వుండేలా పంపుతాయి. ఇవి ఉచితంగా దొరుకుతాయి. సొంతంగా రాయబోయే ముందు వీటిని చదివితే ఎన్నో రాత్రుల నిద్ర మిగులుతుంది.

ఇక అడుగున కట్టే మొత్తం. పట్టికలో ఇద్దరు సభ్యుల లీటర్లు ఒకరివి ఒకరికి తారుమారైనా మొత్తం మారదు, తప్పు దొరకదు. కబురులోని అంకెలు ఊరికే కూడి పంపితే ఇదే చిక్కు. అందుచేత రేడియోవారు సి.ఆర్.సి. అనే లెక్క వాడతారు. 1961లో వెస్లీ పీటర్సన్ అనే అమెరికా గణితజ్ఞుడు దీన్ని ప్రకటించాడు. ఇది ఒకరకం భాగహారం. కబురు యావత్తూ ఒక పెద్ద సంఖ్య అనుకొని, నిర్ణీతమైన మరో సంఖ్యతో భాగించి, శేషాన్ని చివర అంటిస్తారు. అంకె మారినా, స్థానం మారినా శేషం మారుతుంది.

ఎన్ని బిట్ల శేషం కావాలో గోల రిసీవరును దృష్టిలో వుంచుకొని లెక్కించండి. 8 బిట్ల శేషమైతే 256 గోల కబుర్లలో ఒకటి అసలు కబురులా దాటిపోతుంది. సెకనుకు ఒక గోల కబురు వచ్చిందనుకుంటే నాలుగు నిమిషాలకొక దొంగ కబురు! 16 బిట్లయితే 65,536లో ఒకటి, అంటే దాదాపు 18 గంటలకొకటి. అదీ ఎక్కువే. కావున సి.ఆర్.సి.తో పాటు కబురు పొడవు, పంపినవాని నెంబరు, ఉష్ణోగ్రత సాధ్యమైన హద్దుల్లో వున్నదా అన్నది కూడా చూసి, అన్నీ సరిపోతేనే పుస్తకంలో ఎక్కించాలి.

రసీదు సంగతి కొంచెం నిదానంగా వినండి, ఇందులో ఒక మెలిక వున్నది. రెండువైపులా మాట్లాడగల రేడియోలో కబురు అందుకున్నవాడు "అందింది" అంటాడు. ఆ మాట రాకపోతే పంపినవాడు మళ్లీ పంపుతాడు. మంచిదే. కాని కబురు అందింది, రసీదు దారిలో పోయింది అనుకోండి. పంపినవాడు మళ్లీ పంపుతాడు, అందుకున్నవాడు రెండోసారి ఎక్కిస్తాడు, ఒక సభ్యుని 8 లీటర్లు 16 అవుతాయి. ఒకే నెంబరు చీటీకి మనం రెండుసార్లు డబ్బు ఇవ్వం కదా! అలాగే ప్రతి కబురుకూ వరుస నెంబరు వుండాలి. చూసిన నెంబరు మళ్లీ వస్తే రసీదు ఇవ్వాలి, లెక్కలో మాత్రం కలపరాదు.

ఇంతకంటే మంచి ఉపాయం ఒకటి వున్నది. "ఇప్పుడు 8 లీటర్లు పెరిగాయి" అని పంపడం కంటే "ఇప్పటివరకు మొత్తం 412 లీటర్లు" అని పంపితే, మధ్యలో నాలుగు కబుర్లు పోయినా ఐదోది వచ్చి లెక్క సరిచేస్తుంది. ఉష్ణోగ్రత కూడా ఇప్పటిది, దానికి ముందు రెండుసార్లవి కలిపి పంపితే పోయిన కబురు తర్వాతి కబురులో దొరుకుతుంది. మా దృష్టిలో రసీదు కన్నా ఇదే సులభం. 433 జోడీ వంటి ఒకవైపు రేడియోకు ఇది తప్ప దారి లేదు.

ఒకవైపు రేడియోతో ఒకే కబురును మూడుసార్లు పంపే అలవాటు కూడా వున్నది. పదింటిలో ఒకటి పోయేచోట మూడూ పోవడం వెయ్యింటిలో ఒకసారి అని పుస్తకం లెక్క. ఆ లెక్క నిజం కావాలంటే ఒక్కొక్క కబురు వేరువేరు కారణాలతో పోవాలి. గడ్డి లారీ అడ్డంగా నిలిస్తే మూడూ ఒక్కసారే పోతాయి. కావున మూడింటినీ వెంటవెంటనే కాక కొన్ని సెకన్ల ఎడంతో పంపాలి. ఆ ఎడం కూడా ఎప్పుడూ ఒకటే కారాదు.

ఎందుకు కారాదంటే, ఇంకో పరికరం కూడా అదే ఊళ్లో వుండవచ్చు. రెండూ సరిగ్గా నిమిషానికొకసారి మాట్లాడుతున్నాయనుకోండి. వాటి గడియారాల మధ్య తేడా పది లక్షలకు 20 పాళ్లు అనుకుంటే, నిమిషానికి 1.2 మిల్లీసెకన్లు జరుగుతాయి. కబురు పొడవు 57 మిల్లీసెకన్లయితే, ఒకసారి ఢీకొన్న తర్వాత అవి విడిపోవడానికి గంటన్నర పడుతుంది! అంతసేపూ రెండూ మూగవే. నిమిషం అన్నచోట 50 నుంచి 70 సెకన్ల మధ్య ఏదో ఒకటి, ప్రతిసారీ మార్చి, వాడితే ఈ బెడద పోతుంది. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహా అనే రేడియో వ్యవస్థను నడిపింది. వేరువేరు దీవుల్లోని కంప్యూటరు యంత్రాలు ఒకే రేడియో మార్గాన్ని పంచుకున్నాయి. ఎవరికి తోచినప్పుడు వారు మాట్లాడితే ఆ మార్గంలో నూటికి 18 పాళ్లకు మించి పని జరగదని అబ్రామ్సన్ లెక్కకట్టి చూపాడు. మనకు అందులోని నీతి ఏమంటే గాలిని ఎక్కువసేపు ఖాళీగా వుంచాలి. కబురు పొట్టిగా, అరుదుగా వుండాలి.

ఇప్పుడు రెండోరకం పరికరం. నార్వే దేశపు నార్డిక్ కంపెనీ వారి ఎన్.ఆర్.ఎఫ్.24 చిప్పు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. సి.ఆర్.సి., రసీదు, 15 సార్ల వరకు మళ్లీ పంపడం చిప్పులోనే వున్నాయి. ఒక్కో కబురులో 32 బైట్లు పడతాయి. గదినుంచి పక్కగదికి, వాకిట్లోకి చాలా బాగుంటుంది. గోడలు, తడి ఆకులు అడ్డమైతే మాత్రం నీరసిస్తుంది. పైగా వైఫై కూడా ఇదే బ్యాండులో తిరుగుతుంది. ఇది పనిచేయడం లేదని పిల్లలు పారేసే బోర్డులలో చాలావాటికి జబ్బు రేడియోలో వుండదు, కరెంటులో వుంటుంది. పంపే క్షణంలో వోల్టేజి కుంగుతుంది. చిప్పు కాళ్ల దగ్గరే 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి అతికిస్తే లేచి కూర్చుంటుంది. దీనికి 3.6 వోల్టులు దాటి ఇవ్వరాదు. ఆర్డుయినో ఊనోలో 5 వోల్టుల పిన్నుకు తగిలిస్తే అంతటితో దాని ఆయువు తీరుతుంది.

కూలరు గదినుంచి అరకిలోమీటరు, కిలోమీటరు దూరంలోని ఇంటికి మా ఎంపిక లోరా. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో సైక్లియో అనే చిన్న కంపెనీ దీన్ని రూపొందించగా, 2012లో అమెరికాకు చెందిన సెమ్‌టెక్ కంపెనీ ఆ కంపెనీని కొన్నది. ఇది ఒకటి, సున్నా అని ఆర్పి వెలిగించదు. కింది స్వరం నుంచి పై స్వరానికి జారే ఈల వంటి సంకేతం పంపుతుంది. జాతర గోలలో మాటలు వినపడకపోయినా తెలిసినవాడి ఈల గుర్తుపడతాం చూడండి, అట్లాగన్నమాట. చాలా నెమ్మదిగా పంపే ఏర్పాటులో, గోల బలంలో నూరోవంతు వున్న సంకేతాన్ని కూడా పట్టగలదు.

ఆ నెమ్మదికి ఖరీదు వున్నది. ఏడు నుంచి పన్నెండు వరకు మెట్లున్నాయి. 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో 20 బైట్ల కబురు ఏడో మెట్టులో సుమారు 57 మిల్లీసెకన్లలో పోతుంది. అదే కబురుకు పన్నెండో మెట్టులో 1.3 సెకన్లు పడుతుంది. దూరం కోసమని అందరూ పన్నెండులో పెట్టడం సరికాదు. బ్యాటరీ కరుగుతుంది, గాలి నిండిపోతుంది. ఏడులో మొదలుపెట్టి, అవసరమైతేనే ఒక్కొక్క మెట్టు ఎక్కండి.

సెల్‌ఫోను వుండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. సిమ్ము వేసి పంపే పద్ధతీ మంచిదే. కాని దానికి నెలనెలా డబ్బు కట్టాలి, సిగ్నలు వుండాలి, ఊళ్లో కరెంటు ఎక్కువసేపు పోతే టవరు కూడా నిలిచిపోవచ్చు. మనకు కబురు కావలసింది సరిగ్గా ఆ రాత్రే.

కొనేముందు ప్రభుత్వ నిబంధన తెలుసుకోవాలి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు 1 వాటు ప్రసారశక్తికి లోబడి, 200 కిలోహెర్ట్జ్ వెడల్పుకు లోబడి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో నిర్ణయించారు. 2021లో దీన్ని 868 వరకు పొడిగించారు. పిల్లలు వాడే లోరా బోర్డుల శక్తి ఇందులో పదోవంతే. 433 నుంచి 434 వరకు 2012లో ఇచ్చిన మినహాయింపు భవనం లోపలి వాడుకకు, 10 మిల్లీవాట్లకు మాత్రమే. కావున కూలరు గదినుంచి ఊరు దాటించే పనికి 433 వద్దు. విదేశీ పాఠాల్లో 915 అని వుంటుంది, అది అమెరికా అంకె. దాన్ని మక్కీకిమక్కీ దించరాదు. 868/915 రకం బోర్డు కొని, ప్రోగ్రాములో 866 అని రాయాలి. 433 రకం లోరా బోర్డు ఈ పనికి పనికిరాదు.

యాంటెన్నా విషయంలో చాలామంది పిసినారితనం చేస్తారు, ఇక్కడే అసలు లాభం పోతుంది. 866కు పావు అల పొడవు 8.6 సెంటీమీటర్లు, 433కు 17.3. ఈ పొడవున్న తీగ చాలు, కాని దాని చోటు ముఖ్యం. స్టీలు ట్యాంకు వెనకాల, రేకుల కప్పు కింద పెడితే రేడియో గుహలో కూర్చున్నట్టే. గోడ బయట, ఎత్తులో, నిలువుగా వుండాలి. అవతలి ఇంటి యాంటెన్నా కూడా నిలువుగానే వుండాలి. కంటికి అవతలి కొస కనిపిస్తే చాలదు. కిలోమీటరు దూరానికి, 866 దగ్గర, దారి మధ్యలో చుట్టూ 9 మీటర్ల మేర ఖాళీ వుంటే సంకేతం పూర్తిగా పోతుంది. మామిడి తోపు అడ్డమైతే వేసవిలో అందినది వానాకాలంలో అందకపోవచ్చు. శక్తి పెంచడం కంటే కర్రను రెండు మీటర్లు పెంచడం మేలు. యాంటెన్నా తగిలించకుండా లోరా బోర్డుతో పంపించవద్దు, పంపే భాగం చెడిపోవచ్చు.

ఇక మౌనం గురించి. ఉష్ణోగ్రత పెరిగితేనే కబురు పంపే పరికరాన్ని సంఘం ఒప్పుకోరాదు. అలాంటిది చెడిపోయి మూలపడినా, అంతా బాగున్నా బయటికి ఒకేలా కనిపిస్తుంది. బాగున్నా "బాగున్నాను" అని చెబుతూనే వుండాలి. మూడు కబుర్లు వరుసగా రాకపోతే కార్యదర్శి ఇంట్లో గంట మోగాలి. రెండుచోట్లా బ్యాటరీ వుండాలి. కరెంటు పోయినప్పుడు చెప్పవలసిన పరికరం కరెంటుతోనే పోతే దానితో మనకేమి పని? కరెంటు వున్నదా లేదా, బ్యాటరీ వోల్టేజి ఎంత అనేవి కూడా ఆ 20 బైట్లలో పడతాయి.

ఉష్ణోగ్రతకు పిల్లలు ఎక్కువగా వాడేది డి.ఎస్.18బి20 అనే చిన్న సెన్సరు. అర డిగ్రీ తేడాతో చెబుతుంది. దీనికి రెండు దొంగ అంకెలున్నాయి. కరెంటు తగిలిన వెంటనే, కొలవకముందే చదివితే 85 అంటుంది. తీగ ఊడిపోతే ఆర్డుయినోలో వాడే ప్రోగ్రాము మైనస్ 127 అంటుంది. ఈ రెండూ పాల ఉష్ణోగ్రతలు కావు. "సెన్సరు చూడండి" అన్న కబురుగా మార్చి పంపాలి. సెన్సరును పాలలో ముంచవద్దు. కూలరుకు సెన్సరు గొట్టం వుంటే, మెకానిక్‌తో చెప్పి అందులో పెట్టించండి.

పాలకవర్గం వారు రెండు విషయాల్లో గట్టిగా వుండాలని మా అభిప్రాయం. సభ్యుల లీటర్లు, వెన్న శాతం వంటి డబ్బుకు సంబంధించిన లెక్క ఇట్టి రేడియోతో పంపినా, అసలు రికార్డు కొలిచిన చోటనే వుండాలి. రేడియోది నకలు మాత్రమే. రెండవది, ఈ పరికరం కబురు చెప్పాలి గాని కూలరును, జనరేటరును నడపరాదు. సాదా 433 సంకేతాన్ని పక్కవాడు పట్టి, దాచుకుని, మళ్లీ పంపగలడు. రహస్య తాళంచెవితో, వరుస నెంబరుతో కబుర్లను కాపాడే పద్ధతులున్నాయి. పిల్లలు అవి నేర్చుకోవలసిందే. అయినా కంప్రెసరు మీద చేయి వేయనివ్వవద్దు.

పరీక్ష ఎలా చేయాలో చెప్పి ముగిస్తాం. వరుస నెంబర్లతో 1,000 కబుర్లు పంపించి, అవతల ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఎన్ని పోయాయన్నది ఒక్కటే కాదు, వరుసగా ఎన్ని పోయాయన్నది ముఖ్యం. వెయ్యిలో 20 విడివిడిగా పోతే దిగులు లేదు. ఆ 20 ఒక్కచోటే పోతే ఆ సమయంలో ఏమి జరిగిందో వెతకాలి. ఉదయం పాల వేళ బండ్లు, జనం నిండుగా వున్నప్పుడు ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి, వాన కురిసేటప్పుడు ఒకసారి చేయండి. ఆ తర్వాత పగటిపూట చెప్పకుండా కూలరు గది మెయిన్ ఆపి, కార్యదర్శి గారింట్లో గంట ఎన్ని నిమిషాలకు మోగిందో చూడండి. పరికరం బ్యాటరీ పీకి మళ్లీ చూడండి. ఇది నెలకొకసారి జరగాలి. తేదీ, సమయం, చూసినవారి సంతకం రాసే చిన్న పుస్తకాన్ని కూలరు గదిలోనే, టెంపరేచరు పుస్తకం పక్కన మేకుకు తగిలించి వుంచండి.